కాచినవారి పేరు

గురువారం సాయంత్రం రవికిరణ్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కొత్త గళ్ళ చొక్కా వేసుకున్నాడు. మడతలు ఇంకా పోలేదు. మెడ పట్టీ కింద అట్టముక్క తీయడం కూడా మరిచిపోయినట్టున్నాడు.

పదిరోజుల క్రితం, కొడుకు లోహిత్ పెద్దకర్మ రోజున, ఫంక్షన్ హాలు మెట్ల దగ్గర భీమేశ్వరరావు ఇతన్నీ ఇతనితో వచ్చిన ఐదుగురినీ పక్కకు పిలిచాడు. ఆ నల్ల టీషర్టులు మార్చుకుని లోపలికి రమ్మన్నాడు. టీషర్టుల మీద లోహిత్ పనిచేసిన బ్రూవరీ పేరూ, నురుగు పొంగే బీరు గ్లాసు బొమ్మా ఉన్నాయి. మార్చుకోవడానికి వాళ్ళ దగ్గర వేరేవి లేవు. ఆరుగురూ గోడ చాటుకు వెళ్ళి టీషర్టులు తిరగేసి తొడుక్కున్నారు. కుట్లు బయటికి కనపడుతుండగా చివరి బంతిలో భోజనం చేసి వెళ్ళిపోయారు. హాల్లో కొడుకు ఫొటో కింద ఫ్లెక్సీ మీద ‘ప్రొడక్షన్ ఇంజనీర్, ఫుడ్ ఇండస్ట్రీ’ అని ఉంది. రవికిరణ్ దాన్ని రెండుసార్లు చదవడం భీమేశ్వరరావు భార్య సుబ్బలక్ష్మి చూసింది.

“లోపలికి రా బాబూ,” అంది.

“పర్లేదాంటీ, ఇక్కడే చెప్పేసి వెళ్తాను.”

“గుమ్మంలో నిలబడి చెప్పే మాట అయితే ఫోన్లోనే చెప్పేవాడివి. రా.”

అతను సోఫా అంచున కూర్చున్నాడు. భీమేశ్వరరావు టీవీ శబ్దం తగ్గించాడు కానీ టీవీ ఆపలేదు. సుబ్బలక్ష్మి కాఫీ తెచ్చి ఇచ్చింది.

“లోహిత్ అన్న జ్వరం రాకముందు రోజు ఒక బ్యాచ్ పెట్టాడు అంకుల్,” అన్నాడు రవికిరణ్, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. “జొన్నలతో. ట్యాంకులో ఉంది. ఇరవై తొమ్మిది రోజులైంది. ఇంక ఆపకూడదు.”

“వాడు లేడు కదా. మరెలా తయారైంది?” అంది సుబ్బలక్ష్మి.

“ఒకసారి పెట్టాక దాని పని అదే చేసుకుంటుందాంటీ. మనం చెడగొట్టకుండా ఉంటే చాలు.”

ఆమె తల ఊపింది. భీమేశ్వరరావు టీవీ వైపే చూస్తున్నాడు.

“ఆదివారం ట్రిప్పు ఉంది. నెలకోసారి మూసాపేట మెట్రో దగ్గర్నుంచి బస్సులో జనాన్ని కోటకు తీసుకెళ్తాం. పొద్దున కొండ ఎక్కడం, కింద ఊళ్ళో భోజనం, సాయంత్రానికి హైటెక్ సిటీ వచ్చి మా దగ్గర బీరు. అన్న మొదలుపెట్టిందే అది. ఆ రోజు ఈ బ్యాచ్ తెరుద్దామనుకున్నాం. మా దగ్గర ప్రతి కుళాయి పైనా ఒక పలక ఉంటుంది. బీరు పేరు, దాని కింద కాచినవారి పేరు. అన్న పేరు రాయొచ్చా అని అడగడానికి వచ్చాను.” కాస్త ఆగి అన్నాడు. “మీరు వద్దంటే ఖాళీగా వదిలేస్తాం. ఇంకొకళ్ళ పేరు మాత్రం రాయం.”

“ఆలోచించి చెప్తాం,” అన్నాడు భీమేశ్వరరావు.

అతను వెళ్ళాక టీవీ ఆగింది.

“మా బావగారి పిల్లలు కొండాపూర్లోనే ఉంటారు. శని ఆదివారాలు అలాంటి చోట్లకే పోతారు. పలక మీద పోడూరి లోహిత్ అని చూస్తే, ఫ్లెక్సీ మీద రాసిందేమిటి, ఇక్కడున్నదేమిటి అనరూ?” అన్నాడు భీమేశ్వరరావు.

“అంటారు.”

“మా ఊళ్ళో సారా కాచినవాళ్ళని తాళ్ళతో కట్టి జీపెక్కించడం చిన్నప్పుడు చూశాను నేను.”

“వీడిది లైసెన్సు ఉన్నదే కదండీ.”

“నాకు తెలుసు.” గొంతు తగ్గించాడు. “నాకు తెలుసు సుబ్బలక్ష్మీ. అయినా వద్దని చెప్పు.”

“ఫోన్లోనా?”

“ఫోన్లో బాగుండదు. మన దాకా వచ్చి అడిగాడు. ఎదురుగా వెళ్ళి చెప్పు.”

తను వెళ్తానని ఆయన అనలేదు. ఆమె కూడా అడగలేదు.

శనివారం ఆమె కొడుకు గదిలో అల్మారా తెరిచింది. అడుగు అరలో రెండు నల్ల టీషర్టులు ఉన్నాయి, ఉతకనివి. వాటినెప్పుడూ విడిగా బాల్కనీ బకెట్లో నానబెట్టి, తనే ఉతికి, లోపలి తాడు మీద ఆరేసేది. పనిచేసే ఈరమ్మ ముక్కు చురుకు. ఈరమ్మకు తెలిస్తే నాలుగు అంతస్తులకూ తెలుస్తుంది. ఇప్పుడూ అలవాటుగా బకెట్ వైపు వెళ్తుంటే, ఈరమ్మ తడి చీపురు పక్కన పెట్టి చేయి చాపింది.

“గిటు తే అమ్మా. నేను ఉతుకుత.”

“వద్దులే. ఇవి వేరే.”

“ఏంది వేరే? గా వాసన నాకు ఎప్పటిసంది ఎర్కలేదనుకున్నవా? నువ్వు దాస్తున్నవని నేను గూడ అడగలే.” టీషర్టులు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. “మా అవ్వ జొన్నంబలి కాస్తుంటే ఇల్లంత గిట్లనే ఉండేది. మంచి వాసననే.”

సుబ్బలక్ష్మి ఆమె వెనకే వెళ్ళింది. బాల్కనీలో కుళాయి కింద ఈరమ్మ ఆ రెండిటినీ మెల్లగా, పసిపిల్లల బట్టలు ఉతికినట్టు, చేత్తోనే పులిమి ఉతకడం చూస్తూ నిలబడింది.

ఆదివారం పొద్దున ఆరింటికి బస్సు మూసాపేట మెట్రో స్టేషన్ కింద ఆగి ఉంది. సుబ్బలక్ష్మి ఆటో దిగేసరికి రవికిరణ్ బస్సు డిక్కీలోకి నీలం డ్రమ్ములు ఎక్కిస్తున్నాడు. బీరు కాచాక మిగిలిన తడి గింజల పిప్పి, మూతలు బిగించినా ఆవిరి వస్తోంది. చెప్పాల్సిన వాక్యం ఆమె ఆటోలోనే సిద్ధం చేసుకుంది. ‘మీ అంకుల్‌కి ఇష్టం లేదు బాబూ, ఏమీ అనుకోకు.’ అంతే. చెప్పి అదే ఆటోలో తిరిగి వెళ్ళొచ్చు. ఆటో అతన్ని ఆగమంది కూడా.

“ఆంటీ! వచ్చారా!”

అతని ముఖం ఎలా వెలిగిందో చూశాక ఆ వాక్యం గొంతు దాటలేదు. బస్సు కిటికీల్లోంచి ఇరవై మంది చూస్తున్నారు. అతను ఆమె చేతిసంచి అందుకుని, ముందు వరసలో కిటికీ పక్క సీటు దులిపాడు. “మీరెవరో ఇక్కడ ఎవరికీ చెప్పను,” అన్నాడు మెల్లగా. “అంకుల్‌కి నచ్చదని తెలుసు.”

ఆమె వెనక్కి తిరిగి ఆటో అతనికి వెళ్ళమని చేయి ఊపింది.

పక్క సీట్లో అమ్మాయి పేరు రసజ్ఞ. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుందట. శంకర్‌పల్లి దాటేదాకా నిద్రపోయి, లేచి సుబ్బలక్ష్మిని చూసి నవ్వింది.

“ఆంటీ, మీరూ బీరు తాగుతారా? సూపర్ అసలు!”

“లేదమ్మా. ఒక మాట చెప్పాలని వచ్చాను.”

“ఒక్క మాట కోసం డెబ్బై కిలోమీటర్లా? మా మేనేజర్ అయితే మెయిల్ పెట్టి మళ్ళీ కాల్ కూడా చేస్తాడు.”

సుబ్బలక్ష్మికి నవ్వొచ్చింది. నెల రోజుల తర్వాత నవ్వానని తనకే ఆశ్చర్యం వేసి, కిటికీ వైపు తిరిగింది. బయట తంగేడు పూసింది. పత్తి చేలమీద ఎండ ఇంకా పసుపుగానే ఉంది.

కోటగుట్ట ఊరికి ఆనుకునే ఉంది. బండరాళ్ళ మధ్య పాత మెట్లు, పైన విరిగిన బురుజు, ఇంకా పైన చిన్న నీళ్ళ గుండం. రవికిరణ్ ముందు నడిచాడు. అందరికన్నా వెనక ఊరి మనిషి బాలనర్సయ్య. అరవై ఏళ్ళుంటాయి. తలకు తువ్వాల, చేతిలో వేపకర్ర. ఎవరు వెనకబడితే వాళ్ళ వెనక అతను. తొందర పెట్టడు, చేయి అందించడు. ఊపిరి తిరిగేదాకా ఆగి, కర్రతో తర్వాతి మెట్టు చూపిస్తాడు, అంతే.

మొదటి దర్వాజ దగ్గరకు వచ్చేసరికి సుబ్బలక్ష్మి ఆగింది. రాతి గడప పక్కన పసుపు పూసిన ఒక రాయి, కుంకుమ బొట్లు, వేపమండలు. కోట మైసమ్మ. అందరూ ఒక్క క్షణం నిలబడి దండం పెట్టుకుని లోపలికి నడిచారు. రసజ్ఞ వెనక్కి తిరిగి పిలిచింది.

“మీరు వెళ్ళండమ్మా. నేను ఇక్కడుంటాను.”

వాళ్ళ మాటలు రాళ్ళ మలుపు దాటి వినపడకుండా పోయాయి. బాలనర్సయ్య ఇంకా అక్కడే ఉన్నాడు.

“కాళ్ళు గుంజుతున్నయా అమ్మా?”

“లేదండి. ఏడాది తిరిగేదాకా అమ్మవారి దగ్గరికి రాకూడదు నేను.”

“అయ్యో. ఇంట్ల ఎవరన్న పోయిన్రా?”

“ఆఁ.”

ఎవరని అతను అడగలేదు. కర్ర గోడకు ఆనించి, కాస్త దూరంగా ఒక బండ మీద కూర్చున్నాడు. “నేను గూడ ఇరవై దినాల నుంచి గా దర్వాజ దాటుత లేనమ్మా. ఈడిదాక వచ్చి ఆగుతున్న.”

“మీ ఇంట్లో కూడానా?”

“ఇంట్ల గాదు. మాకేం చుట్టం గాదు. బీరు సారని ఒకాయన ఉండె. గీ బస్సు మా ఊరికి తెచ్చింది ఆయననే. బర్లకు దాణా అని నెల నెల గా పిప్పి డ్రమ్ములు తెచ్చిస్తుండె, పైస తీస్కోకపోయేది. జ్వరమొచ్చి పోయిండంట. అంత అయిపోయినంక మాకు తెలిసింది.” తువ్వాల అంచుతో మెడ తుడుచుకున్నాడు. “పోయి చూడాలని ఉండె. ఎవలింటికి పోవాలె? మేమేమైతమని పోవాలె? అందుకని గీ తల్లికి మొక్కకుండ నెల దినాలు ఆగుదామనుకున్న. ఇంకేం చేయొస్తది మాకు?”

సుబ్బలక్ష్మి గోడ రాయిని పట్టుకుంది. రాయి పొద్దుటి చల్లదనం వదల్లేదు.

“ఏం పని చేసేవాడన్నారు?”

“చెప్పిన గదమ్మా. బీరు కాస్తుండె.”

ఫలానా ఆయన బడిలో పాఠం చెప్తాడు, ఫలానా ఆయన కరెంటు పని చేస్తాడు అన్నట్టు అన్నాడు. ఆ మాటకు ముందూ వెనకా ఏమీ లేదు.

“నేను వాళ్ళమ్మనండి,” అంది.

బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు. తల మీది తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.  పైనుంచి ఎవరో కేక వేసి, ఆ కేక బురుజుకు తగిలి తిరిగి వస్తే నవ్వారు.

“ఎండకు నిలవడకమ్మా,” అన్నాడు చివరికి. “ఇంటికి పోదాం పా.”

దిగేటప్పుడు అతను ముందు నడిచాడు. ప్రతి మెట్టు మీదా తను కాలు పెట్టి, రాయి కదలదని చూసి, అప్పుడు పక్కకు జరిగాడు.

అతని భార్య సీతాబాయి పొయ్యి దగ్గర ఉంది. ట్రిప్పు వాళ్ళకు జొన్నరొట్టెలు కొడుతోంది. మొగుడు చెప్పిన ఒక్క మాటకు పిండి చేతులతోనే లేచి వచ్చి, సుబ్బలక్ష్మి రెండు భుజాలూ పట్టుకుని, గొంతెత్తి ఏడ్చింది. ఊరికి వినపడేలా ఏడ్చింది. సుబ్బలక్ష్మి ఇంట్లో ఎవరూ అలా ఏడవలేదు. అపార్ట్‌మెంటు గోడలు పల్చన. ఆమెకు ముందు బెరుకు వేసింది. తర్వాత తన ఏడుపు కూడా అందులో కలిసిపోతే, ఏది ఎవరిదో తెలియలేదు.

కొంతసేపటికి సీతాబాయి ముక్కు చీదుకుని, ఆమెను చేయి పట్టుకుని వెనక కొట్టంలోకి తీసుకెళ్ళింది. చీకటిగా, చల్లగా ఉంది. దూలానికి తెల్లటి నూలు గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. కింద ఈతచాప.

“గీడనే సారు జొన్నలు మొలకలు గట్టిండు. గసొంటియి బజార్ల దొరకయంట. రెండు పారీలు మురిగిపోయినయి. ఒకపారి బూజు వట్టింది. మూడో పారీ, ‘ఆగు సీతక్కా, మా అమ్మ నాకు రాగిపిండి ఎట్ల చేసేదో యాది తెచ్చుకోవాలె’ అని గీ గోడకు ఆనుకోని కండ్లు మూసుకున్నడు. నాకు నవ్వొచ్చింది. నిద్రవోతున్నవా సారూ అన్న.”

సుబ్బలక్ష్మి ఆ గోడను చూసింది. సున్నం వేసిన మట్టిగోడ.

“గప్పుడు చెప్పిండు. రాత్రి నానవెట్టాలె. పొద్దుగాల నీళ్ళు వంచాలె. పల్చటి గుడ్డల గట్టి చీకట్ల ఏలాడదియ్యాలె. దినాం రెండుపార్ల విప్పి చేత్తోని తిప్పాలె, లేకుంటే ఏర్లు చిక్కువడతయి. మొలక గోరంత గాంగనే నీడకు ఆరవొయ్యాలె, ఎండకు గాదు. ఆరినంక నలిపి మొలకలు దులపాలె. మా ఆయన, గా దులిపినయి బర్లకు పెట్టొద్దు సారూ, జొన్నమొలక పశువుకు విషం అన్నడు. గదొక్కటే మేం చెప్పింది. కడమదంత నీ దగ్గర నేర్చిందేనంట.”

అది నిజమే. ఆరు నెలల పిల్లవాడికి ఆమె అలాగే చేసింది. తర్వాత అయిదేళ్ళ దాకా చేసింది. వంటింటి గట్టు పక్కన పీట మీద కూర్చుని వాడు చూసేవాడు. చూస్తున్నాడని అప్పుడు అనుకోలేదు.

“ఇంకోటి,” అంది సీతాబాయి. “తిప్పేముందు చేయి చల్లనీళ్ళల్ల ముంచుమన్నడు. ఎందుకు సారూ అని అడిగిన. ‘ఎందుకో నాకూ తెల్వదు, మా అమ్మ ముంచేది. అడగాలె’ అన్నడు. అడిగిండా?”

కొట్టం బయట ఒక బర్రె మెడ దులిపితే గంట మోగింది.

అడగలేదు. అడగాలంటే ఏం పని మీద అడుగుతున్నాడో చెప్పాలి. ఇంట్లో ఆ మాట ఎత్తితే తండ్రి లేచి బాల్కనీలోకి వెళ్ళేవాడు. తను వంటింట్లోకి వెళ్ళేది.

“మొలకెత్తే గింజ లోపల వేడి పుడుతుంది,” అంది సుబ్బలక్ష్మి. ఒక్కొక్క మాటా విడిగా, వినవలసిన వాళ్ళకు వినపడేలా చెప్పింది. “మన చేతి వేడి కూడా తోడైతే లేత మొలక వాడిపోతుంది. అందుకని.”

“గంతేనా!” అంది సీతాబాయి.

“అంతే.”

దూలానికి ఉన్న మూట రవికిరణ్ కోసం కట్టిందట. మళ్ళీ నెలకు అడిగాడట, సరిగ్గా వస్తుందో రాదో తెలియదట. సుబ్బలక్ష్మి మూట దింపించుకుని చాప మీద కూర్చుంది. ముడి విప్పింది. తెల్లటి గింజల చివర ముల్లు మొనంత మొలకలు. ఆవిరి వాసన. ఇత్తడి చెంబులో చేయి ముంచి, విదిలించి, గింజల అడుగుకు వేళ్ళు పోనిచ్చి పైకి తెచ్చింది. మధ్యలో ఉన్నవి అంచుకు, అంచున ఉన్నవి మధ్యకు. సీతాబాయి పక్కన కూర్చుని చూసింది. రెండోసారి తనూ చేయి ముంచింది.

“గుడ్డ మరీ బిగించారు,” అంది సుబ్బలక్ష్మి. “కాస్త ఊపిరాడాలి.”

కొండ మీదినుంచి దిగినవాళ్ళ మాటలు వాకిట్లోకి వచ్చేదాకా వాళ్ళిద్దరూ అలాగే కూర్చున్నారు.

బయల్దేరేముందు బాలనర్సయ్య బస్సు దాకా వచ్చాడు. “చూసిన గదమ్మా, మిమ్ములను చూసిన. ఇగ నాకు ఫికర్ లేదు,” అన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. 

నాలుగున్నరకు బస్సు హైటెక్ సిటీ చేరింది. బ్రూవరీ ఒక అద్దాల భవనం కింది అంతస్తులో ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె దాని ముందుకు రాలేదు. లోపల చీకటిగా, గొడవగా ఉంటుందనుకుంది. వెలుతురుగా ఉంది. గచ్చు కడిగిన తడి ఇంకా ఆరలేదు. వరసగా స్టీలు ట్యాంకులు, వాటి మీద మీటర్లు. ఆసుపత్రి అంత శుభ్రం. వాసన మాత్రం ఈరమ్మ చెప్పినట్టే ఉంది.

రవికిరణ్ ఆమెను మూడో ట్యాంకు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆమె అరచేయి ఆనించింది. చల్లగా ఉంది. ఫంక్షన్ హాలుకు వచ్చిన మిగతా ఐదుగురూ ఒకరొకరుగా వచ్చి నిలబడ్డారు. అందరూ లోహిత్ కన్నా చిన్నవాళ్ళే.

“ఆ రోజు మిమ్మల్ని అలా కూర్చోబెట్టాం,” అంది ఆమె. “తప్పు మాది. వాడి కోసం వచ్చినవాళ్ళు మీరు.”

 శ్రీను అనే కుర్రాడు తల గోక్కున్నాడు. “భోజనం బాగుందాంటీ. గుత్తివంకాయ నేను మూడుసార్లు వేయించుకున్నా.”

“వీడు పెరుగన్నంలో కూడా అదే కలుపుకున్నాడాంటీ,” అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

కుళాయిల వరస పైన పలకలు. అయిదో కుళాయి మీద ‘జొన్న’ అని రాసి ఉంది. దాని కింద ‘కాచినవారు’ అని ఉండి, పక్కన ఖాళీ. రవికిరణ్ అడగలేదు. పొద్దుట్నుంచీ అడగలేదు. చేతిలో సుద్దముక్క పట్టుకుని ఆమెవైపు చూడకుండా నిలబడ్డాడు.

“పోడూరి లోహిత్,” అంది సుబ్బలక్ష్మి. “ఇంటిపేరుతో రాయి బాబూ.”

“అంకుల్ ఒప్పుకున్నారా?”

“లేదు. నేను చెప్తాను ఆయనకి.”

అతను స్టూలెక్కి రాశాడు. కుళాయి తిప్పి, మొదటి గ్లాసు సగం నింపి ఆమె చేతికిచ్చాడు. పల్చటి టీ రంగు. పైన వేలెడు నురుగు. ఆమె గ్లాసు అంచు పెదవికి తగిలించి ఒక్క చుక్క పుచ్చుకుంది. చేదు. ఆ చేదు వెనక, చాలా నెమ్మదిగా, జొన్న రుచి. పక్క బల్ల దగ్గర రసజ్ఞ తన గ్లాసు ఎత్తి, పలక చూసి, “ఎవరండీ ఈ లోహిత్? చాలా బాగా చేశాడు,” అంది.

“మా అబ్బాయమ్మా,” అంది సుబ్బలక్ష్మి. “చనిపోయాడు. ఇది వాడు కాచిన ఆఖరి బీరు.”

రసజ్ఞ గ్లాసు బల్ల మీద పెట్టి, లేచి వచ్చి ఆమె చేయి పట్టుకుంది. 

సంచిలో ఫోను మోగింది. ఆమె అద్దాల తలుపు దాటి బయటి మెట్ల మీదికి వచ్చింది.

“చెప్పావా?” అన్నాడు భీమేశ్వరరావు.

“రాయమన్నానండి. ఇంటిపేరుతో.”

అవతల టీవీ శబ్దం కూడా లేదు.  ఆయన కోప్పడితే వినడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

“జొన్నలు మొలకలు కట్టి మరీ చేశాడట,” అంది. “నేను రాగిపిండికి చేసినట్టే. రెండుసార్లు చెడిపోతే, నేనెలా చేసేదాన్నో గుర్తు తెచ్చుకుని చేశాడట. కోట కింది ఊరివాళ్ళు చెప్పారు. వాడు పోయాడని వాళ్ళు ఇరవై రోజుల నుంచీ దేవుడికి మొక్కడం లేదండీ.”

ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నా గురించి ఏమైనా అన్నాడటా?”

అన్నాడని చెప్పడం తేలిక. ఆమె ఆ మాట చెప్పలేదు.

“తెలియదండీ. నేను అడగలేదు. ఇక్కడ వాడితో పనిచేసినవాళ్ళు ఆరుగురున్నారు. రోజంతా వాడి పక్కనే ఉన్నవాళ్ళు. మీరే అడగాలి.”

రోడ్డు మీద బస్సులు వెళ్తున్నాయి. ఆఫీసు భవనాల అద్దాల మీంచి ఎండ దిగిపోతోంది.

“ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది?” అన్నాడాయన.

“మీరొచ్చేదాకా ఉంటుంది.”

“మెట్రోలో రావచ్చా?”

“రావచ్చండీ. అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగండి. నేను స్టేషన్ మెట్ల కింద నిలబడతాను.”